గురువుగారి తరగతిలో పరిశీలకురాలిగా కూర్చోవాలా?

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధిస్తున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కనుక ఆ వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగంలో చేరి పదేళ్లు దాటింది. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం రాబోతున్నదని విశ్వవిద్యాలయం ప్రతి శాఖలోనూ బోధనాభివృద్ధి కార్యక్రమం జరపాలని ఆదేశించి, రసాయనశాస్త్ర శాఖ వరకు ఆ బాధ్యతను ఆమెకు అప్పగించింది. అందులో మొదటి భాగం అయిదు రోజుల వర్క్‌షాప్. రెండో భాగంలో ఆమె సెమిస్టర్ పొడవునా ఒక్కొక్కరి తరగతికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని, ఇరవై అంశాలున్న ఫారంలో ఒక్కో అంశానికి అయిదుకు ఎన్ని మార్కులో వేసి, సంతకం పెట్టి రిజిస్ట్రార్ కార్యాలయానికి పంపాలి.

శాఖలో అందరికన్నా సీనియర్ అయిన ఆచార్యులు ఆమెకు పీహెచ్‌డీ గైడ్. రెండేళ్లలో పదవీ విరమణ చేయబోతున్న ఆయన ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టరు, బెల్లు కొట్టకముందే గది గుమ్మంలో ఉంటారు. అయితే గంటసేపూ నోట్సు డిక్టేట్ చేస్తారు. ఆ నోట్సు సీనియర్ల నుంచి జూనియర్లకు ఫోన్‌లో ఫొటోలుగా ఎప్పుడో చేరిపోయింది కనుక సగంమంది పిల్లలు రాయడం మానేశారని, మొన్నటి ఫీడ్‌బ్యాక్‌లో ఆయన పేపరు గురించి ఫిర్యాదులు వచ్చాయని ఆమె రాశారు. కార్యక్రమం సంగతి తెలిసినరోజు ఆయన కోపం లేకుండానే, “అయితే ఇక మాకు పాఠం చెప్పడం నువ్వు నేర్పిస్తావన్నమాట అమ్మా” అన్నారట. అప్పటినుంచి మాట తగ్గించారు.

శాఖలో సగం బోధన అకడమిక్ కన్సల్టెంట్ల, అంటే తాత్కాలిక ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకుల చేతుల మీదుగా నడుస్తున్నది. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే వాళ్లు ఆ ఫారం తమ ఉద్యోగాలకే ఎసరు పెడుతుందని భయపడుతున్నారు. కొన్నేళ్ల క్రితం జరిగిన ఇలాంటి వర్క్‌షాప్‌లో బయటి వక్తలు వచ్చి బ్లూమ్ వర్గీకరణ (అభ్యసన లక్ష్యాలను స్థాయిలుగా విభజించే పద్ధతి) గురించి పీపీటీలు చూపించి, గ్రూప్ ఫొటో దిగి, సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లారని, మరునాటి క్లాసులో మారినదేమీ లేదని కూడా ఆమె రాశారు. తాను కొత్తలో నాలుగు వారాల శిక్షణకు వెళ్లివచ్చి, ఉత్సాహంగా తరగతిలో చర్చ పెడితే పిల్లలు తలలు వంచుకుని కూర్చున్నారని, దాంతో మళ్లీ పీపీటీలకే వెళ్లిపోయానని నిజాయితీగా చెప్పుకున్నారు. “చెప్పినట్టు చేసి ఫొటోలు పంపించెయ్, ఎవరితోనూ గొడవ ఉండదు” అంటున్నారట భర్త. ఈ బాధ్యత వదులుకోవాలా, పైవాళ్లు చెప్పినట్టు జరిపించెయ్యాలా, గురువుగారి తరగతిలో కూర్చుని ఆయనకు మార్కులు వేయాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా అనిపించింది, మిమ్మల్ని వేధిస్తున్నది గురువుగారి మాట ఒక్కటే కాదని. మీకు అప్పగించిన పని ఒకటిగా కనిపిస్తున్నా అందులో ఒకదానితో ఒకటి పొసగని రెండు పనులు ఉన్నాయి. ఒక అధ్యాపకుడు మెరుగ్గా బోధించడానికి సాయపడటం ఒకటి, అతని బోధన ఎంత బాగుందో తేల్చి పై అధికారికి చెప్పడం మరొకటి. రెండూ అవసరమైన పనులే కావచ్చు. కానీ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే ఫారంతో రెండూ చేయబోతే మొదటిది జరగదు. ఎందుకంటే, తన తరగతిలో ఎక్కడ తడబడుతున్నాడో ఎదుటివాళ్లకు చూపించగలిగినప్పుడే ఎవరికైనా సాయం అందుతుంది, ఆ తడబాటే రిజిస్ట్రార్ ఫైల్లోకి వెళ్తుందని తెలిసినవాడు దాన్ని దాచుకుంటాడు. మీరు వచ్చేరోజు కోసం ఒక మంచి పాఠం సిద్ధం చేసుకుని, చురుకైన పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టి, మీరు వెళ్లిన మరునాడు పాత పద్ధతికి వెళ్తాడు. మీ కన్సల్టెంట్ల భయంలో ఏమాత్రం అతిశయోక్తి లేదు. రెన్యువల్ మీద బతుకుతున్నవారి దగ్గరకు మార్కుల ఫారంతో వెళ్లినవారు, ఎంత మంచి మనసుతో వెళ్లినా, తనిఖీకి వచ్చినట్టే లెక్క.

కాబట్టి గురువుగారి విషయానికంటే ముందు తేలవలసింది, మీరు తరగతిలో కూర్చుని రాసే కాగితం ఎవరి చేతికి వెళ్తుందన్నది. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఆయన అన్న మాటను కాస్త వేరేగా చూడమని అడుగుతాను. మన దేశంలో ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరాలు దిద్దించాలంటే డీఎడ్ ఉండాలి, హైస్కూల్లో చెప్పాలంటే బీఎడ్ ఉండాలి. ఎమ్మెస్సీ విద్యార్థికి పాఠం చెప్పడానికి మాత్రం నెట్, సెట్ అనే అర్హత పరీక్షల్లో ఒకటి లేదా పీహెచ్‌డీ ఉంటే చాలు. వీటిలో ఏదీ పాఠం చెప్పడం వచ్చో రాదో అడగదు. కొత్త లెక్చరర్లకు ఓరియంటేషన్ ఇవ్వాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ చెప్పినా, 1986 జాతీయ విద్యావిధానం తర్వాతే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అకడమిక్ స్టాఫ్ కాలేజీలు దేశవ్యాప్తంగా వచ్చాయి. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో మన అధ్యాపకులు ఎందరో శిక్షణ పొందింది వాటిలోనే. అవే తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023 నుంచి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా నడుస్తున్నాయి. ఆ కోర్సులు పనికిరానివని నేను అనను. ఇతర శాఖలవాళ్లతో, ఇతర ఊళ్లవాళ్లతో వారాల తరబడి కలిసి గడిపి కొత్త ఉత్సాహంతో తిరిగి వచ్చినవారిని చాలామందిని చూశాను. అయితే వాటిని అధ్యాపకుల ప్రమోషన్లు నిర్ణయించే కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీముతో ముడిపెట్టడంతో లెక్క మారిపోయింది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వేతన స్థాయి లెవెల్ 10 నుంచి 11కు వెళ్లాలంటే బోధనా పద్ధతులపై 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు పూర్తిచేసి ఉండాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే ప్రమోషన్ ఆగుతుంది, ఉంటే ఫైలు కదులుతుంది. ఆ కోర్సులో నేర్చుకున్నది తరగతి గదిలోకి వచ్చిందా అని అడిగే కాలమ్ మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు.

ఈ ఏర్పాటులో మీ గురువుగారి తరం మొత్తం ఎవరి సాయమూ లేకుండా, తమ గురువులు తమకు ఎలా చెప్పారో గుర్తు తెచ్చుకుని పాఠం చెప్పడం నేర్చుకుంది. డిక్టేషన్ ఆయన బద్ధకంతో పెట్టుకున్న అలవాటని మీరు అనుకోవడం లేదని మీ ఉత్తరమే చెబుతోంది. లైబ్రరీలో ఒక మంచి పుస్తకానికి ఒకటో రెండో కాపీలే ఉండి, అదీ ఇంగ్లిషులో ఉండి, డిగ్రీదాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తరగతిలో కూర్చున్న రోజుల్లో, సరైన వాక్యాలలో సరైన నోట్సు ఇవ్వడమంటే వాళ్లకు పరీక్షనే కాదు, సబ్జెక్టునే అందించడం. ఆ నోట్సు చదివే ఎందరో ఉద్యోగాలు తెచ్చుకుని ఉంటారు, బహుశా మీతో సహా. నోట్సు ఫోన్‌లో దొరుకుతున్న ఈ రోజున ఆ గంటకు ఉన్న పని మారిపోయింది. ఆ సంగతి ఆయనతో ఎవరూ మర్యాదగా కూర్చుని మాట్లాడలేదు. ఫీడ్‌బ్యాక్ షీటులో ఫిర్యాదుగా రావడం, వెంటనే శిష్యురాలు మార్కుల ఫారంతో వస్తుందని తెలియడం, ఈ రెండూ ఒకేసారి జరిగాయి. ఆయన మాట తగ్గించడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

బాధ్యత వద్దని రాసి ఇవ్వవచ్చు. ఆరోగ్యమో, ప్రాజెక్టో కారణం చూపితే ఎవరూ పెద్దగా పట్టుపట్టరు. గురువుగారితో సంబంధం నిలుస్తుంది, మీకు ప్రశాంతత దొరుకుతుంది. కానీ ఆ ఫారం మీతో పాటు వెళ్లిపోదు, మరొకరి చేతికి వెళ్తుంది. వాళ్లకు మీ అంత సంకోచం ఉండకపోవచ్చు, మీ కన్సల్టెంట్ల పరిస్థితి పట్టకపోవచ్చు. ఆ తర్వాత జరిగేదాన్ని పక్కనుంచి చూస్తూ ఉండగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

మీవారు చెప్పినట్టు అయిదు రోజులూ జరిపించి, అందరికీ నాలుగేసి మార్కులు వేసి, ఫొటోలతో నివేదిక పంపడం రెండో దారి. ఇందులో కనిపించే నష్టమేదీ లేదు కనుకే చాలామంది ఇదే చేస్తారు. నాకు కనిపించే నష్టం ఏమిటంటే, అలాంటి ప్రతి కార్యక్రమం తర్వాతా శిక్షణ అనే మాట మీద అధ్యాపకులకు మిగిలిన కాస్త నమ్మకమూ తగ్గుతుంది, తర్వాత ఎవరైనా మనస్ఫూర్తిగా చేయబోయినా పాత వర్క్‌షాపే గుర్తొస్తుంది. అందరికీ సమానంగా వేసిన ఆ నాలుగు మార్కుల కాగితం మీద సంతకం మీది ఉంటుంది. రేపు ఎవరి రెన్యువల్ గురించో వివాదం వస్తే ఆ కాగితమే బయటికి తీస్తారు.

ఆదేశాన్ని ఉన్నదున్నట్టు అమలుచేసి, నిజాయితీగా మార్కులు వేయడం మూడోది. ఇది చాలా నిక్కచ్చిగా కనిపిస్తుంది కానీ, ఒక్క గంట చూసి ఇరవై అంశాలకు మార్కులు వేసే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. ఒకే పాఠం చూసిన ఇద్దరు మంచి అధ్యాపకులు “విషయ స్పష్టత” కింద ఒకరు మూడు, ఒకరు అయిదు వేయడం మామూలే. ఆ అంకెల ఆధారంగా ఒకరి ఉద్యోగం కొనసాగాలో వద్దో తేల్చడం అన్యాయం.

నాకు మొగ్గు ఉన్నది నాలుగో దారి మీద. అది కష్టమైనదని, పూర్తిగా మీ చేతుల్లో లేనిదని ముందే చెబుతున్నాను. కార్యక్రమాన్ని మీరు ఉంచుకుని, దాని రూపాన్ని మార్చడానికి ఐక్యూఏసీ (విశ్వవిద్యాలయంలోని అంతర్గత నాణ్యతా విభాగం) డైరెక్టరుతో మాట్లాడటం. న్యాక్ ప్రమాణాల్లో రెండోది పూర్తిగా బోధన, అభ్యసన, మూల్యాంకనం గురించే. అధ్యాపకుల వృత్తిపరమైన అభివృద్ధికి సంస్థ ఏం చేస్తున్నదని కూడా అడుగుతారు. కార్యక్రమం జరిగిందని, అందరూ పాల్గొన్నారని, దానివల్ల ఇవి మారాయని చూపడానికి ఫలానా కన్సల్టెంటుకు అయిదుకు రెండు వచ్చాయన్న వివరం అవసరం లేదు. కాబట్టి మీరు మూడు విషయాలు అడగండి. పరిశీలన కాగితం చూసినవారి దగ్గర, చూపించినవారి దగ్గర మాత్రమే ఉండాలి. రిజిస్ట్రారుకు వెళ్లేది పేర్లు లేని శాఖాస్థాయి నివేదిక కావాలి. పరిశీలన మీరొక్కరే కాకుండా, ఇద్దరిద్దరు జతగా ఒకరి తరగతి ఒకరు చూసుకోవాలి. ఈ మూడో మార్పుతో మీరు అందరిమీదా కూర్చున్న పరిశీలకురాలు కాకుండా పోతారు. దీనికి అధికారులు ఒప్పుకుంటారా అంటే, న్యాక్ గడువు దగ్గరపడినప్పుడు పని జరిగితే చాలనుకునేవారే ఎక్కువ కనుక ఒప్పుకునే అవకాశం బాగానే ఉంది. ఒప్పుకోకపోతే ఏం చేయాలో చివర చెబుతాను.

ఇక వర్క్‌షాప్. అయిదు రోజులూ వరసగా పెట్టవద్దని నా సలహా. మొదట ఒకటి రెండు రోజులు చేసి, మిగిలిన గంటలను సెమిస్టర్ మీద పరచండి, రెండు వారాలకోసారి రెండు గంటల చొప్పున. లెక్క చూపడానికి గంటలు అవే ఉంటాయి. తేడా ఎక్కడంటే, సోమవారం విన్నది గురువారం తరగతిలో ప్రయత్నించి, ఎక్కడ చెడిందో పదిహేను రోజుల తర్వాత అందరి ముందూ చెప్పుకునే వీలు కలుగుతుంది. మీకు కొత్తలో జరిగింది గుర్తు చేసుకోండి. నాలుగు వారాల శిక్షణలో మీకు మంచి విషయాలే చెప్పారు. కానీ చర్చ పెట్టినరోజున పిల్లలు తలలు వంచుకున్నప్పుడు, “ఇలా ఎందుకైంది?” అని అడగడానికి మీకు మనిషి లేడు. శిక్షణ ఇచ్చినవారు మరో ఊళ్లో ఉన్నారు, పక్క గదిలోని సహోద్యోగికి మీరు ఏం ప్రయత్నించారో కూడా తెలియదు. మీరు పీపీటీలకు తిరిగి వెళ్లిపోవడానికి ఆ ఒంటరితనమే కారణమని నాకు అనిపిస్తోంది.

ఆ మౌనానికి మరో కారణం కూడా ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి, అంతకుముందు మీ దగ్గరకు వచ్చినవారిలో తెలుగు మీడియంవారు ఎక్కువే ఉండి ఉంటారు. ఇంగ్లిషులో చర్చించమంటే, తెలియక కాదు, తప్పు వాక్యం పదిమందిలో బయటపడుతుందని మాట్లాడరు. పక్కవాడితో తెలుగులో మాట్లాడుకోమని, చివర్లో జవాబు మాత్రం ఇంగ్లిషులో ఒక వాక్యంగా రాయమని చెప్పి చూడండి. గది మారిపోతుంది.

వర్క్‌షాప్ మొదటి గంటలో సిద్ధాంతం ఏమీ చెప్పకుండా, బోర్డు మీద ఈ ప్రశ్న రాయండి: “గిన్నెలో నీళ్లు కళపెళ మరుగుతున్నాయి. ఆ పెద్ద బుడగల్లో ఉన్నది ఏమిటి?” కింద నాలుగు జవాబులు: గాలి, హైడ్రోజన్–ఆక్సిజన్, నీటి ఆవిరి, వేడి. జవాబు నీటి ఆవిరి అని మీ సహోద్యోగులకు తెలుసు. కానీ మీ ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఎందరు హైడ్రోజన్–ఆక్సిజన్ అంటారో, ఎందరు గాలి అంటారో ఒక్కొక్కరిని అంచనా వేసి రాయమనండి. తర్వాత నిజంగానే పిల్లలను అడిగి రండి. క్లాపేరాన్ సమీకరణం ఉత్పాదన తప్పులేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నవారు కూడా, మరగడమంటే ద్రవం ఆవిరి పీడనం బయటి పీడనంతో సమానం కావడమని పరీక్షలో రాసినవారు కూడా, ఆ బుడగ దగ్గర తడబడతారు. తరగతిలో తాను చెప్పింది వేరు, పిల్లల తలలోకి వెళ్లింది వేరు అన్న సంగతి ఒక అధ్యాపకుడికి తన సబ్జెక్టులోనే, తన పిల్లల దగ్గరే కనబడాలి. బ్లూమ్ వర్గీకరణ పీపీటీ ఆ పని చేయలేదు. ఒకసారి కనబడ్డాక, పద్ధతి ఏమిటని అడిగేది వాళ్లే.

అప్పుడు చెప్పడానికి పద్ధతి సిద్ధంగా ఉంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతున్నది చాలా సరళమైనది. పాఠం మధ్యలో ఇలాంటి ప్రశ్న ఒకటి వేసి, ఎవరికి వారు ఆలోచించి వేళ్లతో జవాబు సంఖ్య చూపమనాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు పక్కవారిని ఒప్పించమనాలి. మళ్లీ వేళ్లు చూపమనాలి. ఆ తర్వాతే అధ్యాపకుడు వివరించాలి. ప్రొజెక్టరు, ఇంటర్నెట్ ఏవీ అక్కర్లేదు, కరెంటు పోయినా జరుగుతుంది. సైన్సు, ఇంజనీరింగ్, గణితాల్లో ఇలా విద్యార్థిని పాల్గొనేలా చేసే బోధనను వట్టి లెక్చరుతో పోల్చిన 225 అధ్యయనాలను 2014లో ఒకచోట చేర్చి చూస్తే, లెక్చరు తరగతుల్లో ఫెయిలైనవారు సగటున 34 శాతం దాకా, పాల్గొనే తరగతుల్లో 22 శాతం దాకా తేలారు. అవి ఎక్కువగా బయటి దేశాల తరగతులే, మన పరిస్థితులు వేరే అని ఎవరైనా అంటే అది సరైన అభ్యంతరమే. అందుకే మీ శాఖలో మీరు చూడాలి.

ఒక హెచ్చరిక కూడా ముందే చెప్పాలి. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లోనే జరిగిన మరో అధ్యయనంలో, ఇలా నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలినా, తమకు తక్కువ వచ్చిందని భావించారు. బాగా చెప్పిన లెక్చరు వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, తానే తంటాలు పడినప్పుడు తనకేమీ రాలేదనిపిస్తుంది. అంటే మీ కన్సల్టెంటు ఒకరు ధైర్యం చేసి పద్ధతి మారిస్తే, ఆ సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ మార్కులు తగ్గే అవకాశం ఉంది. ఆ తగ్గుదలను రెన్యువల్‌కు అడ్డం పెట్టకూడదని మీ శాఖాధిపతి (హెచ్.ఓ.డి.) నుంచి ముందుగానే మాట తీసుకోండి. కన్సల్టెంట్ల గురించి మరొకటి. వాళ్లకు ప్రమోషన్ స్కీమూ లేదు, ఓరియంటేషన్‌కు పంపేవారూ లేరు, పాఠాలు మాత్రం వాళ్లవే ఎక్కువ. ఈ గంటలకు వాళ్లకు చెల్లింపు ఉండాలని, కనీసం క్లాసుల లెక్కలో చేర్చాలని అడగడం మీ బాధ్యతలో భాగమనే అనుకుంటున్నాను.

జతగా చూసుకునేటప్పుడు ఎలా చూడాలన్నదే అసలు పని. తరగతికి ముందు పది నిమిషాలు మాట్లాడుకుని, ఏం చూడాలో పాఠం చెప్పేవారే అడగాలి. చూసేవారు మంచి చెడ్డలు రాయకుండా, జరిగింది మాత్రమే రాయాలి. ఉదాహరణకు, మనలో చాలామంది పావుగంటకోసారి “అర్థమైందా? డౌట్స్ ఏమైనా ఉన్నాయా?” అంటాం, ఎవరూ మాట్లాడకపోతే “సరే, నెక్స్ట్” అంటాం. ఆ ప్రశ్నకూ ఆ “సరే”కూ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో గడియారం చూసి రాయండి. 1970లలో అమెరికా పాఠశాలల సైన్సు తరగతుల్లో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో ఇదే కొలిచి, టీచర్లు సగటున ఒక్క సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, తమంతట తాము మాట్లాడే పిల్లలు పెరుగుతున్నారని చూపించారు. “మీరు విద్యార్థులకు తగినంత అవకాశం ఇవ్వడం లేదు” అంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది, వాదన మొదలవుతుంది. “11:20కి అడిగారు, ఒక సెకను ఆగారు, 11:35కి అడిగారు, అప్పుడూ అంతే” అని కాగితం చూపిస్తే వాదించడానికేమీ ఉండదు, వచ్చేసారి ఆగాలని వాళ్లే అనుకుంటారు.

ఇక గురువుగారు. ఆయన తరగతిలో మార్కుల ఫారంతో కూర్చోవద్దు. ఇంతవరకు దారులు చెప్పాను కానీ ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంది. దానివల్ల ఆయన బోధన మారదు, మీ ఇద్దరి మధ్య ఉన్నది తెగిపోతుంది, మీరు ఆయనకు మార్కులు వేసిన దృశ్యం శాఖలో చాలాకాలం నిలిచిపోతుంది.

దానికి బదులు మీరే ఆయన గదికి వెళ్లి, మీ తరగతికి రమ్మని ఆయన్ని పిలవవచ్చు. “సార్, ఎమ్మెస్సీ ఫస్టియర్‌కు నేను చెప్పే థర్మోడైనమిక్స్ క్లాసుకు ఒకసారి వచ్చి కూర్చోండి. ప్రామాణిక గిబ్స్ శక్తి మార్పు ధనాత్మకమైతే చర్య అసలు మొదలే కాదని పిల్లలు ఎందుకు అనుకుంటున్నారో నాకు అంతుపట్టడం లేదు, నేను చెప్పడంలో ఎక్కడ తేడా వస్తోందో చూడండి” అనండి. ఇది ఆయన మనసు కరిగించడానికి వేసే ఎత్తు కాకూడదు. మీకు నిజంగా అంతుపట్టని చోటునే ఎంచుకోండి, ఆయనకు తేడా తెలిసిపోతుంది. ఆయన రావచ్చు, వచ్చి కటువుగానే చెప్పవచ్చు. చెబితే అందరి ముందూ రాసుకోండి. శాఖలో మొదటగా చూపించుకున్నది మీరేనన్న సంగతి కన్సల్టెంట్లకు కూడా ధైర్యం ఇస్తుంది.

రెండో విషయం, ఆయన దగ్గర మాత్రమే ఉన్నదాన్ని అడగడం. ఇన్నేళ్లుగా జవాబు పత్రాలు దిద్దినవారికి, ఏ అధ్యాయంలో ఏ మలుపు దగ్గర పిల్లలు ఏ తప్పు చేస్తారో తెలుసు. నేను పైన చెప్పిన ప్రశ్నల పద్ధతికి ప్రాణం సరైన జవాబులో లేదు, పిల్లలు నిజంగా నమ్మే తప్పు జవాబుల్లో ఉంది. అవి కొత్తవాళ్లకు తట్టవు. వర్క్‌షాప్‌లో ఒక గంట ఆయనకు ఇచ్చి, ఫిజికల్ కెమిస్ట్రీలో ఏళ్ల తరబడి కనిపించిన తప్పులేమిటో చెప్పమనండి, ఆ తప్పుల నుంచి అందరూ కూర్చుని ప్రశ్నలు తయారుచేయండి. ఆయన ఒప్పుకుంటే, తన ప్రశ్నలను తన తరగతిలో వేసి చూడాలని ఆయనకే అనిపించవచ్చు. అనిపించకపోవచ్చు కూడా.

ఆయన రెండింటికీ కాదంటే, పదవీ విరమణ దాకా ఆయన్ని ఆయన దారిన వదిలేయడం తప్పేమీ కాదు. కానీ అప్పుడు ఆ రెండేళ్ల పిల్లలు మిగులుతారు, వాళ్ల ఫిర్యాదు అబద్ధం కాదు. ఆ ఫిర్యాదు ఆయనకు చేరవేయడం మీ పని కాదు, హెచ్.ఓ.డి. పని, అదీ తలుపు వేసుకుని మాట్లాడాల్సిన పని. మీరు చేయగలిగింది వేరే ఉంది. ఆయన నోట్సును ఆయన అనుమతితో, ఆయన పేరుతో టైపు చేయించి సెమిస్టర్ మొదట్లోనే అందరికీ ఇచ్చే ఏర్పాటు చేయండి. రాయించవలసిన అవసరం లేకపోయాక ఆ గంటలో లెక్కలు చేయించడమో, ప్రశ్నలు అడగడమో ఆయనకు సులువవుతుంది. అదీ కుదరకపోతే ఆ పేపరుకు వారానికి ఒక ట్యుటోరియల్ మీరో, ఒక పరిశోధక విద్యార్థో తీసుకోవచ్చు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థులు బోధనలోనూ శిక్షణ పొందాలి, ట్యుటోరియల్, లేబొరేటరీ పనులకు వాళ్లకు వారానికి 4 నుంచి 6 గంటలు కేటాయించవచ్చు. పాఠం చెప్పడం ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే విశ్వవిద్యాలయంలోకి వచ్చే మరో తరాన్ని ఆపడానికి ఇది చిన్న మొదలు కూడా అవుతుంది.

వరస మాత్రం తప్పవద్దు. మొదట ఐక్యూఏసీతో మాట్లాడి, పరిశీలన కాగితాలు పేర్లతో బయటకు వెళ్లవన్న హామీ రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికి వచ్చాకే గురువుగారి గదికి వెళ్లండి, ఎందుకంటే ఆయన మిమ్మల్ని మొదట అడిగేది ఆ ఫారం గురించే. హామీ రాకపోతే, వర్క్‌షాప్ భాగాన్ని నేను జరుపుతాను, మార్కుల పరిశీలన మాత్రం నా చేతుల మీదుగా జరగదని గౌరవంగా రాసి ఇవ్వండి. దానికి ఐక్యూఏసీ నుంచి వచ్చే అసంతృప్తిని కొంతకాలం భరించవలసి ఉంటుంది. మీ హెచ్.ఓ.డి. మీ పక్షాన నిలబడతారో లేదో ఆ ఉత్తరం ఇవ్వకముందే కనుక్కోండి.